మెట్ల దగ్గర ఆగిపోయిన మా లాడ్జి ప్లాన్: ఇన్నేళ్ల తర్వాత నా మాట

నెల్లూరు పొగతోట నుంచి నడిచి వచ్చేంత దూరంలో మాకు పదిహేను గదుల లాడ్జి ఉంది. 2019లో ప్లాన్ పెట్టాం, 2021లో తెరిచాం. ఆన్‌లైన్‌లో ప్లాన్ ఎలా పెట్టాలి, ఏ కాగితాలు కావాలి అన్నది మీ ఎల్.టి.పి. (ప్లాన్లు గీసి పెట్టడానికి లైసెన్స్ ఉన్న ఇంజనీరో ఆర్కిటెక్టో) చెబుతారు కాబట్టి అది రాయడం లేదు. నేను చెప్పాలనుకున్నది స్క్రూటినీ రిపోర్ట్ గురించి, అంటే మనం అప్‌లోడ్ చేసిన డ్రాయింగ్‌ను కంప్యూటరే కొలిచి, ఎక్కడ రూల్ తప్పామో చూపించే కాగితం గురించి. అప్పట్లో దాన్ని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు ఎవరైనా లాడ్జి కడతామని సలహాకి వస్తే ముందు దాని గురించే చెబుతున్నాను.

మా స్థలం 50 అంకణాలు. నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు, మొత్తం 400 గజాలు. దస్తావేజులో అంకణాలు, అప్లికేషన్‌లో చదరపు మీటర్లు. టేపు పట్టి కొలిస్తే తూర్పు గోడ వైపు జానెడు తక్కువొచ్చింది. ఆ తక్కువ కొలతతోనే డ్రాయింగ్ వేయించాం. మొదటి షార్ట్‌ఫాల్ (ఇక్కడ రూల్‌కు తక్కువైంది, సరిచేయండి అని తిప్పి పంపడం) సెట్‌బ్యాక్ మీద, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ మీద, రెండోది పార్కింగ్ మీద వచ్చింది. రెండూ వారం రోజుల్లో సర్దుకున్నాయి.

అసలు గొడవ మూడో దానితో. మేం డ్రాయింగ్ పని ఇచ్చిన ఆఫీసు వాళ్లు తమ దగ్గరున్న అపార్ట్‌మెంట్ ప్లాన్‌నే తీసుకుని, గది గదికీ బాత్‌రూమ్ చేర్చి, ‘నివాసం’ అని పెట్టేశారు. లాడ్జి అని మార్చండి అన్నాక వచ్చిన రిపోర్ట్‌లో మెట్ల వెడల్పు రాసిన లైను ఎర్రగా కనిపించింది. ఉండాల్సిన వెడల్పు 1.5 మీటర్లు, మేం ఇచ్చింది 1 మీటరు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఇళ్లకు ఒక మీటరు చాలు, హోటళ్లకు, లాడ్జీలకు మాత్రం మీటరున్నర. ఆ సంగతి మాకెవరూ అంతవరకు చెప్పలేదు.

అర మీటరే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కే వరుసకు అర, తిరిగే వరుసకు అర, కలిపితే మీటరు. పక్కనున్న తొమ్మిదడుగుల గది ఆరడుగులకు కుంచించుకుపోయి, దుప్పట్లు పెట్టుకునే స్టోర్ అయింది. ఫ్లోర్‌కి ఒకటి చొప్పున మూడు గదులు పోయాయి. పద్దెనిమిది గదుల లెక్కతో బ్యాంకులో మాట్లాడి వచ్చినవాడిని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డ్రాయింగ్ వేసినతను, “అన్నా, అపార్ట్‌మెంట్ అనే ఉంచి పర్మిషన్ తెచ్చుకుందాం, కట్టాక లాడ్జి చేసుకోండి” అన్నాడు. మా మామ కూడా అదే మంచిదన్నాడు. మా ఆవిడ మాత్రం, “రేపు ట్రేడ్ లైసెన్స్‌కి పోతే ఏ ప్లాన్ చూపిస్తారండీ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మెట్లు పెంచి నాలుగోసారి అప్‌లోడ్ చేశాం, అప్రూవల్ వచ్చింది. గదులు పోయాయన్న కోపం మాత్రం లాడ్జి తెరిచాక కూడా పోలేదు.

2023 డిసెంబర్ మొదటి వారం, మిచాంగ్ తుఫాను. మా దగ్గర దిగేవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రులకు వచ్చినవాళ్లే. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆపరేషన్ అయి డిశ్చార్జ్ అయినా, వానకు బస్సెక్కలేక రెండో ఫ్లోర్‌లో ఆగిపోయారు. రాత్రి రెండు దాటాక ఆయన కొడుకు కిందికి పరిగెత్తుకొచ్చాడు, నాన్నకి ఊపిరి ఆడటం లేదని. కరెంటు లేదు. జనరేటర్ ఉన్నా లిఫ్ట్ గుంతలోకి నీళ్లొచ్చాయి కాబట్టి లిఫ్ట్ వేసే పరిస్థితి లేదు.

రిసెప్షన్‌లోని ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని పైకి పోయాం. పెద్దాయన్ని కూర్చోబెట్టి, తువ్వాలుతో నడుముకు కట్టి, ఇద్దరు కుర్చీ ముందు కాళ్లు, ఇద్దరు వెనక కాళ్లు పట్టుకున్నాం. మా వాచ్‌మెన్ ఫోన్ లైటు పట్టుకుని, మా పక్కనే గోడవారగా ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ దిగాడు. మలుపు దగ్గర కుర్చీని దించకుండా, వంచకుండా ఒక్క తిప్పులో తిప్పాం. నా మోచేయి రెయిలింగ్‌కి రాసుకుంది, అంతే. ఆయన కింద పడతానని భయపడి నా చొక్కా పట్టుకున్న పట్టు ఇంకా గుర్తుంది. 108 వచ్చేసరికి గేటు దగ్గర ఉన్నాం. నాలుగు రోజుల తర్వాత కొడుకు వచ్చి, నాన్న బాగున్నాడని చెప్పి బ్యాగు తీసుకెళ్లాడు. మూడడుగుల మెట్ల మీద ఆ కుర్చీ పట్టేది, మోసేవాళ్లు పట్టేవాళ్లు కాదు.

ఇంత చెప్పాక కొన్ని మాటలు సరిచేయాలి. కంప్యూటర్ చూసేది డ్రాయింగ్‌ని, కట్టడాన్ని కాదు. గీసింది ఒకటి, మేస్త్రీ కట్టింది ఇంకొకటి అయితే అది బయటపడేది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక వాడుకోవచ్చని ఇచ్చే కాగితం) దగ్గరే. మాకు ఇంకుడు గుంత ప్లాన్‌లో చూపించిన మూల కాకుండా ఇంకో మూల తవ్వారు. అది సరిచేసేదాకా, ప్లాన్ ప్రకారమే కడతామని హామీగా మున్సిపల్ కార్పొరేషన్‌కి తనఖా పెట్టిన 10 శాతం కట్టడాన్ని విడిపించుకోలేకపోయాం. ఫైలు కదలిక ఫోన్‌కి మెసేజ్‌లుగా వస్తుందన్నది నిజమే గానీ, సైటు చూడటానికి తేదీ కుదుర్చుకోవడానికి నేను చాలాసార్లు తిరిగాను. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ గడువు తీరినప్పుడల్లా ఉండే పనే. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి, అది ప్లాన్‌తో సంబంధం లేని వేరే బాధ్యత.

మాది సొంత స్థలం, ముందు రోడ్డు వెడల్పుగా ఉంది, మూడు గదులు పోయినా వాయిదాలు కట్టగలిగాం. అప్పు చేసి చిన్న స్థలం కొన్నవాళ్లకు ఆ మూడు గదులే లాభం కావచ్చు, వాళ్లకు ఇదే మాట ఇంత ధైర్యంగా చెప్పలేను. అయితే స్థలం కొనకముందే ఎల్.టి.పి. దగ్గర కూర్చుని, ‘లాడ్జి’ అని రాయించి, మీటరున్నర మెట్లతో ఒక స్కెచ్ వేయించండి. ఎన్ని గదులు వస్తాయో ఆ స్కెచ్‌లో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.