ఈత గాగుల్స్: రంగుటద్దాలా, రంగు లేనివా? ఆరేళ్ళు రెండూ వాడిన తరువాత

ఆరేళ్ళుగా వారానికి నాలుగు రోజులు ఈదుతున్నాను. అందులో మూడు రోజులు పైకప్పు లేని 50 మీటర్ల కొలనులో, ఒక రోజు చెరువులో. ఈ కాలమంతటా నా సంచిలో రెండు జతల గాగుల్స్ ఉంటూ వచ్చాయి. ఒకదానికి ముదురు పొగరంగు అద్దాలు, వాటిపై మిర్రర్ పూత. రెండవదానికి ఏ రంగూ లేని అద్దాలు. రెండూ ఒకే తయారీదారు చేసిన ఒకే నమూనా కావడం నాకు కలిసివచ్చింది. సిలికాన్ అంచు, ముక్కు పట్టీ, తలపట్టీ అన్నీ ఒకటే కాబట్టి, ఒకదానితో సుఖంగా ఉండి మరొకదానితో ఇబ్బంది కలిగినప్పుడు దానికి కారణం అద్దమేనని నిశ్చయంగా చెప్పగలిగాను.

మొదట కొన్నది ముదురు అద్దాల జతనే. అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్షణ అని అప్పట్లో నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం తప్పు. అద్దపు రంగు తగ్గించేది కంటికి కనిపించే వెలుతురును. అతినీలలోహిత కిరణాలను ఆపే పని అద్దం చేసిన పదార్థానిది, దానిలో కలిపిన లేదా దానిపై పూసిన రసాయనాలది. గాగుల్స్ అద్దాలకు ఎక్కువగా వాడే పాలికార్బనేట్ రంగు లేకపోయినా ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఆ గుణం లేని ముదురు అద్దం వాడితే ప్రమాదం పెరుగుతుంది కూడా, ఎందుకంటే చీకటికి కంటిపాప పెద్దదై లోపలికి ఎక్కువ కిరణాలను రానిస్తుంది. ఈ సంగతి తెలిసిన నాటి నుండి పెట్టెపై అతినీలలోహిత రక్షణ గురించి రాసిన మాటను ముందు చదివి, రంగును తరువాత చూస్తున్నాను. ఎండలో ఈదేవారు రంగు లేని అద్దాలు పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయని నాకు చాలామంది చెప్పారు. అద్దం సరైనదైతే ఆ భయం అక్కరలేదు. రంగుటద్దం ఇచ్చేది కంటికి హాయి. ఆ హాయి చిన్న విషయం కాదు, కానీ అది రక్షణ కాదు.

ఆ హాయి విలువ నాకు తెలిసింది వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్‌లో. ఫ్రీస్టైల్ ఈదేటప్పుడు ముఖం నీటి అడుగు వైపు ఉంటుంది కాబట్టి, మిట్టమధ్యాహ్నమైనా రంగు లేని అద్దాలతో నాకు ఏనాడూ పెద్ద ఇబ్బంది రాలేదు. ఊపిరి కోసం తల తిప్పినప్పుడు ఒక్క క్షణం వెలుతురు తగులుతుంది, అంతే. వెల్లకిలా తిరిగితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. నడినెత్తిన ఉన్న సూర్యుడు నేరుగా కళ్ళలో పడి, తప్పనిసరిగా కళ్ళు చిట్లించవలసి వస్తుంది. చిట్లించినప్పుడు కంటి చుట్టూ చర్మం ముడుచుకుని, సిలికాన్ అంచు ఒక మూల పట్టు వదులుతుంది. అక్కడి నుండి నీరు లోపలికి చేరుతుంది. గాగుల్స్ కారుతున్నాయని నేను నెలల తరబడి తలపట్టీని బిగిస్తూ వచ్చాను, కళ్ళ చుట్టూ గాడులు పడేంతగా. అదే నమూనా ముదురు అద్దాల జత ఒక్క చుక్క కూడా కారడం లేదని గమనించాకే అసలు కారణం బోధపడింది. పైగా కళ్ళు మూసుకుని ఈదితే తిన్నగా సాగలేము. లేన్ తాడుకు చెయ్యి తగిలి చర్మం గీసుకుపోయిన రోజులు ఎన్నో ఉన్నాయి. గోడకు 5 మీటర్ల ముందు తలపైన కనిపించే జెండాల తోరణమే బ్యాక్‌స్ట్రోక్ ఈదేవారికి ఆధారం. అక్కడి నుండి బారలు లెక్కపెట్టుకుని గోడను అందుకోవాలి. ఎండలో ఆ జెండాలను కళ్ళు విప్పి చూడగలిగింది ముదురు అద్దాలతోనే. అందువల్ల ఎండవేళ బ్యాక్‌స్ట్రోక్ సాధన చేసేవారికి రంగుటద్దాలు అవసరమని గట్టిగా చెబుతాను.

అవే అద్దాలు సాయంత్రం నన్ను గాయపరిచాయి. పగలు తక్కువగా ఉండే చలికాలంలో ఒకరోజు ఎండ ఉండగానే నీటిలోకి దిగాను. ఈదుతూ ఉండగా పొద్దు వాలింది. వెలుతురు మెల్లగా తగ్గుతున్నప్పుడు కన్ను దానికి అలవాటు పడుతూ పోతుంది కాబట్టి, ఎంత చీకటి పడిందో నాకు తెలియలేదు. కొలను అడుగున లేన్ మధ్యలో ఉండే నల్లని గీత గోడకు 2 మీటర్ల ముందు అడ్డగీతతో ముగుస్తుంది. మలుపు ఎక్కడ తీసుకోవాలో చెప్పే గుర్తు అదే. ఆనాడు ఆ అడ్డగీత నాకు కనిపించనే లేదు. పూర్తి వేగంతో చాచిన చేతివేళ్ళు గోడకు తగిలి, రెండు వేళ్ళు వాచి, మూడు వారాలు ఈతకు దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ జత పెట్టెను తరువాత తీసి చూస్తే, దానిపై 3వ శ్రేణి అని ఉంది. చలువ కళ్ళద్దాలకు వాడే వర్గీకరణలో 3వ శ్రేణి అద్దం తనపై పడిన వెలుతురులో 8 నుండి 18 శాతం మాత్రమే లోపలికి పంపుతుంది. 0 శ్రేణి అద్దం 80 శాతానికి పైగా పంపుతుంది. మసక వేళ ఉన్న కాస్త వెలుతురులో ఐదో వంతు కూడా కంటికి చేరకపోతే నల్లగీతకూ దాని చుట్టూ ఉన్న పలకలకూ తేడా చెరిగిపోవడం సహజం.

ఆవిరి పట్టడం రెండింటిలోనూ ఒకటే. కంటి చుట్టూ ఉన్న వెచ్చని, తేమగల గాలి నీటి చల్లదనం తగిలిన అద్దానికి లోపలి వైపు సన్నని బిందువులుగా మారుతుంది. రంగుకు దానితో సంబంధం లేదు. అయితే రంగు లేని అద్దంలో పొర పట్టినా దారి కనిపిస్తుంది, ముదురు అద్దంలో అదే పొర పడితే దాదాపు ఏమీ కనిపించదు. లోపలి యాంటీ ఫాగ్ పూతను వేలితో తుడిచి పాడుచేసుకున్నవాడిగా చెబుతున్నాను: లోపలి వైపు ఏదీ తగలనీయకండి, మంచినీటితో కడిగి నీడలో ఆరనివ్వండి. బయటి మిర్రర్ పూత కూడా సున్నితమైనదే. సంచిలో తాళంచెవులతో కలిసి ఉన్న ఒక్క వారంలోనే దానిపై పడిన గీతలు ఎండలో మెరిసి కళ్ళకు అడ్డం వచ్చేవి. ఆరేళ్ళలో ముదురు అద్దాల జతను నాలుగుసార్లు మార్చాను, రంగు లేనిదాన్ని రెండుసార్లే.

చెరువులో లెక్క వేరు. అక్కడ గీతలు లేవు, గోడ లేదు; కొన్ని బారలకు ఒకసారి తల ఎత్తి దూరాన ఉన్న గుర్తును చూసుకోవాలి. ఉదయం సూర్యుడికి ఎదురుగా ఈదేటప్పుడు, వాలుగా పడిన వెలుతురు నీటిపై మెరిసి, గుర్తుగా నీటిపై తేలే నారింజరంగు బోయా అందులో కలిసిపోతుంది. అటు వెళ్ళేటప్పుడు ముదురు అద్దం, తిరిగి వచ్చేటప్పుడు రంగు లేని అద్దం ఉంటే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది. ఒక స్నేహితురాలి దగ్గర తేనెరంగు అద్దాలు తీసుకుని మబ్బు పట్టిన రోజున వాడి చూశాను. అవి నీలి వెలుతురును తగ్గించడం వల్ల బోయా స్పష్టంగా విడివడి కనిపించింది. నీలిరంగు అద్దాలలో మాత్రం అదే బోయా వెలవెలబోయింది. పోలరైజ్డ్ అద్దాలు నీటిపై మెరుపును నిజంగానే తగ్గిస్తాయి. కొలనులో ఈదేవారికి వాటితో పెద్దగా పని లేదు.

రెండు జతల బెడద తప్పుతుందని, ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలను ఒక ఏడాది వాడాను. ఎండలోకి వెళితే అవి తొందరగానే ముదిరేవి. తిరిగి తేటపడడానికి నిమిషాలు పట్టేది, నీరు చల్లగా ఉన్న రోజున మరింత ఆలస్యమయ్యేది. ఎండలో నుండి వంతెన నీడలోకి ఈదుకుంటూ వెళ్ళినప్పుడు ఆ ఆలస్యం నన్ను కలవరపెట్టింది. సాయంత్రం మెల్లగా పొద్దు వాలేటప్పుడు మాత్రం అవి వెలుతురుతో పాటే తేటపడేవి, కాబట్టి పొద్దుపోయే వేళ ఈదేవారికి అవి నచ్చవచ్చు.

ఒకే జత కొనగలిగేవారు నన్ను అడిగితే, రంగు లేనిది గానీ, చాలా లేత రంగుది గానీ తీసుకోమంటాను. ఎక్కువ వెలుతురులో కళ్ళు చిట్లించి అయినా గోడను చూడగలం. తక్కువ వెలుతురులో ముదురు అద్దంతో చూడడానికి ఉపాయమే లేదు. పైకప్పు కింద ఈదేవారికి రంగుటద్దం అవసరం నాకు కనిపించదు. ఈత నేర్చుకుంటున్న పిల్లలకైతే రంగు లేనివే ఇవ్వండి. బిడ్డ భయపడుతున్నదో లేదో నేర్పేవారికి ముందుగా తెలిసేది కళ్ళను బట్టే, మిర్రర్ పూత ఆ కళ్ళను పూర్తిగా దాచేస్తుంది. ఎండలో బ్యాక్‌స్ట్రోక్ ఈదేవారు, సూర్యుడికి ఎదురుగా చెరువులోనో సముద్రంలోనో దూరం ఈదేవారు ముదురు జతను రెండవదిగా కొనుక్కోవాలి. నా రెండు జతలూ ఇప్పుడు వేరువేరు గట్టి పెట్టెలలో ఉంటాయి. పొద్దు వాలడానికి గంట ముందే ముదురు జతను తీసి పెట్టెలో పెట్టేస్తాను, ఎండ ఇంకా ఉన్నా సరే.