ఇద్దరికి సరిపోయే ఫాండ్యూ కుండ

జ్యూరిక్‌లో మా పెళ్లిరోజుకి ఇంట్లోనే ఫాండ్యూ (కరిగిన చీజ్‌లో బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే స్విస్ వంటకం) చేద్దామని ఎనామిల్ పూత ఉన్న ఈ చిన్న పోత ఇనుము కుండ కొన్నాను. దీని అడుగు మందం చూసి ముచ్చటేసింది. వేడి నెమ్మదిగా, సమానంగా పాకుతుంది కాబట్టి చీజ్ ఒకచోట మాడి ఇంకోచోట గడ్డకట్టదు.

మనిషికి 200 గ్రాముల చీజ్ లెక్కన గ్రుయేర్ సగం, వాషరాన్ ఫ్రీబూర్జ్వా సగం తీసుకున్నాను, రెండూ స్విస్ చీజ్‌లే. కుండ లోపల వెల్లుల్లి రుద్ది, పుల్లటి వైట్ వైన్ వేడిచేసి, కార్న్‌ఫ్లోర్ కలిపిన చీజ్ తురుము కొద్దికొద్దిగా వేశాను. వైన్‌లోని పులుపు, కార్న్‌ఫ్లోర్ వల్ల చీజ్ విరగకుండా నున్నగా కరుగుతుంది. ఒక మాట, గ్రుయేర్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు, శాకాహారులు చూసుకోండి.

సెట్‌తో వచ్చిన ఫోర్కులు మాత్రం నాకు నచ్చలేదు. ముళ్లు పొట్టిగా ఉండి బ్రెడ్ ముక్క జారిపోతోంది. బర్నర్ మంట తగ్గించే మూత బిగుతుగా ఉంది, అది చేయి కాలే పని. ఈ ధరకి ఇవి సరిచేసి ఇవ్వాల్సింది.

కానీ చివర్లో అడుగున కరకరలాడే పొర చూడాలి! ఫ్రెంచ్ మాట్లాడే స్విస్‌వాళ్లు దాన్ని ‘రెలిజియూజ్’ అంటారు. మా ఆయన, నేను చెరిసగం గీక్కుని తిన్నాం. కుండ వరకైతే కళ్లు మూసుకుని కొనొచ్చు, ఫోర్కులు విడిగా తీసుకోండి.