వాన వెలిశాక ఎడారి దారి: స్టువర్ట్ హైవేనా, ఊడ్నడాటా ట్రాకా?

నేను ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంటాను కనుక చలికాలం వస్తోందంటే చాలు, మెల్‌బోర్న్ నుంచో సిడ్నీ నుంచో తెలుగు మిత్రులు ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "అన్నా, ఉత్తరాన వానలు బాగా పడ్డాయట, ఐర్ సరస్సుకు నీళ్లు వచ్చాయట. ఏ దారిన వెళ్లమంటావు?" మామూలుగా ఎండిన ఉప్పునేలగా ఉండే ఆ సరస్సుకు 2025లో పశ్చిమ క్వీన్స్‌లాండ్ వరద చేరినప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. మేము ఈ మధ్యనే ఊడ్నడాటా ట్రాకు మీద వెళ్లి స్టువర్ట్ హైవే మీద తిరిగి వచ్చాం. రెండు దారులూ ఇంకా కళ్లముందే ఉన్నాయి.

అందరూ ముందుగా బండి గురించే అడుగుతారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే చాలదా అని. చాలదు. నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే: దారి మూసేస్తే ఎన్ని రోజులు కదలకుండా కూర్చోగలరు?

మారీ నుంచి మార్లా వరకు దాదాపు 620 కిలోమీటర్ల ఊడ్నడాటా ట్రాకు మట్టి దారి. ఎండలో గట్టిగానే ఉంటుంది. వాన పడిందా, చాలాచోట్ల మన నల్లరేగడిలాగే మారిపోతుంది, రంగు ఒక్కటే ఎరుపు. దారి తెరిచి ఉందని బయలుదేరిన మేము ఒక చిన్న జల్లుకే ఆగిపోయాం. చక్రానికీ పైనున్న మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. రెంచితో, కర్రతో గంటసేపు గీకితే ముద్దలు ముద్దలుగా ఊడింది. పదడుగులు వేసేసరికి బూట్లు ఇటుకంత బరువయ్యాయి.

అందుకే వాన పడితే అధికారులు దారి మూసేస్తారు. మూసిన దారిలో వెళితే జరిమానా గట్టిగానే ఉంటుంది, కానీ నన్ను ఆపేది అది కాదు. తడి మట్టిలో పడిన చక్రాల గాడి ఎండాక రాయిలా గట్టిపడి, గ్రేడరు వచ్చి చదును చేసేదాకా అలాగే ఉండిపోతుంది. పశువుల లారీలూ, సరుకులూ వెళ్లాల్సింది ఆ దారినే. మన తొందర వల్ల అక్కడి వాళ్లు నెలల తరబడి ఎందుకు ఇబ్బంది పడాలి?

స్టువర్ట్ హైవేతో ఈ బాధ తక్కువ. పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా సుమారు 2,700 కిలోమీటర్లు; 1987 నాటికి పూర్తిగా తారు రోడ్డయింది. దానికీ వరద తప్పదు. 2022 జనవరిలో గ్లెండాంబో, కూబర్ పీడీ అనే ఊళ్ల మధ్య నీట మునిగి కొన్ని రోజుల పాటు తెగిపోయింది. కూబర్ పీడీకి ఆహారం సైనిక విమానంలో వెళ్లింది. అయినా నీరు తీస్తే తారు రోడ్డు మీద ప్రయాణం సాగుతుంది, మట్టి ఆరేదాకా ఆగనక్కరలేదు. అద్దె కార్ల ఒప్పందాలు చాలావరకు మట్టి దారులను ఒప్పుకోవు కనుక అద్దె బండి వాళ్లకు వేరే ఆలోచనే అక్కరలేదు. ఒక్క జాగ్రత్త: తారు మీద జారిన వాన నీటికి రోడ్డు అంచున గడ్డి ముందుగా మొలుస్తుంది, దానికోసం కంగారూలు వస్తాయి. పొద్దు వాలాక బండి నడపవద్దు. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా దాదాపు 250 కిలోమీటర్లు పెట్రోలు దొరకదు.

కానీ వాన చేసిన అద్భుతమంతా ట్రాకు వైపే ఉంది. దక్షిణ ఐర్ సరస్సు దారి పక్కనే కనిపిస్తుంది. బబ్లర్ ఊట దగ్గర అడుగున ఇసుక ఉడికినట్టు పైకి పొంగి మళ్లీ మెల్లగా సర్దుకుంటుంది. 1980లో మూతపడిన పాత ఘాన్ రైలు మార్గం పక్కపక్కనే వస్తుంది. వరదలకు పట్టాలు పదే పదే కొట్టుకుపోయిన మార్గం అది. ఇక నేను మరిచిపోలేనిది ఒక చిలుకల గుంపు. మన ఇళ్లలో పంజరాల్లో పెంచే లవ్‌బర్డ్స్ ఉన్నాయే, అవే. వాటి పుట్టిల్లు ఇదే, మంచి వానల తరువాత ఇక్కడ విపరీతంగా పెరుగుతాయి. వందల సంఖ్యలో ఒక్కసారి మలుపు తిరిగితే ఆకాశం పచ్చగా మెరిసింది. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

మారీ నుంచే వెళ్లే మరో మట్టి దారి, బర్డ్స్‌విల్ ట్రాకు గురించి ఒక్క మాట: అక్కడ వాన లేకపోయినా కూపర్ క్రీక్ అనే వాగులో క్వీన్స్‌లాండ్ నీరు వారాల తరువాత వచ్చి దారిని ముంచుతుంది. మొదటిసారి వెళ్లేవారికి వద్దు.

వారం రోజులే సెలవు, చిన్నపిల్లలు ఉన్నారంటే హైవే మీద కూబర్ పీడీ వెళ్లి, అక్కడి నుంచి చిన్న విమానంలో సరస్సు చూడండి. నిజానికి నీటి విస్తీర్ణం పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. పది పన్నెండు రోజులు ఉండి, అందులో నాలుగు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయగలిగితే మాత్రం ట్రాకే. నేను మళ్లీ వెళ్లినా దాని మీదే వెళతాను. అదనపు నీళ్లు, నాలుగు రోజుల తిండి, శాటిలైట్ ఫోను తప్పనిసరి. మారీలో దారి పక్కన ఏ దారి తెరిచి ఉందో చెప్పే బోర్డు ఉంటుంది. అది మూసివేత చూపిస్తే అక్కడే గుడారం వేసుకుని, ఒకప్పుడు ఇక్కడ ఒంటెల మీద సరుకులు చేరవేసిన అఫ్ఘన్లు కట్టుకున్న మట్టి మసీదు నమూనా చూసి రండి. మరునాడు పొద్దున మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లండి.