విజయవాడలో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: ఎవరికి లాభం, ఎక్కడ జాగ్రత్త

ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద సింగ్‌నగర్‌లోని మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాం. సొంత ఇల్లు, నీడ పడని డాబా ఉండి, వేసవిలో ఏసీ వాడే కుటుంబాలకు ఇది తప్పక పనికొస్తుందని నమ్మకంగా చెప్పగలను. నెలకు 100 యూనిట్లు కూడా దాటని ఇంటివారు మాత్రం తొందరపడకపోవడం మేలు.

కారణం మన బిల్లులోనే ఉంది. రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి రూ.1.90 చొప్పున పడితే, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75 పడుతుంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సగటున 12 యూనిట్ల వరకు ఇస్తాయి. ఆ మేరకు తగ్గేవి పై స్లాబుల్లోని ఖరీదైన యూనిట్లే కనుక, నెలకు 450 యూనిట్లు కాలే ఇంట్లో చౌక స్లాబుల్లోని 100 యూనిట్ల దాకా మాత్రమే బిల్లులో మిగులుతాయి. కేంద్ర రాయితీ రూ.78,000 పని పూర్తయ్యాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి, ముందుగా మొత్తం సొమ్ము గానీ రుణం గానీ సిద్ధం చేసుకోవాలి.

ఈ స్లాబుల ధరలను ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1998లో తెచ్చిన సంస్కరణల చట్టంతో ఏర్పడింది. ఆ చట్టంతోనే విద్యుత్ బోర్డును విడదీశారు. 2000లో ఛార్జీల పెంపుపై ఉద్యమం రగిలి, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల వరకు వెళ్లింది. 2004లో అధికారంలోకి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి రైతులకు ఉచిత విద్యుత్ ఇచ్చారు. 2024లో మళ్లీ ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు, అదే ఏడాది సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించి 160 గిగావాట్లకు పైగా పునరుత్పాదక సామర్థ్యాన్నీ, రూ.10 లక్షల కోట్ల పెట్టుబడులనూ లక్ష్యంగా పెట్టారు. ధరల నిర్ణయాన్ని బహిరంగ విచారణకు తేవడం ఆయన చేసిన మేలైన పని అని నా అభిప్రాయం. అయితే భారీ ప్రాజెక్టుల మీద ఉన్నంత శ్రద్ధ, ఇంటి డాబా మీద బిగించేవారి పనితనం మీద కూడా ఉండాలి.

ఎందుకంటే మాకు పని చేసిన సంస్థ ధర విషయంలో నిజాయితీగానే ఉంది, రాయితీకి తప్పనిసరైన దేశీయ ప్యానెళ్లనే వేసింది కానీ, కరెంటు పోతే ఈ వ్యవస్థ కూడా ఆగిపోతుందని ముందుగా చెప్పలేదు. మన ప్యానెళ్ల కరెంటు బయటి లైన్లలోకి వెళ్లకుండా, అక్కడ పనిచేసే సిబ్బంది భద్రత కోసం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) తనంతట తాను ఆగాలి. అది సరైన ఏర్పాటే. కానీ బ్యాటరీ లేనిదే కోతల్లో ఫ్యాన్ తిరగదన్న సంగతి కొనేవారికి తెలియాలి కదా! ఇన్వర్టర్‌ను కింద మీటరు పక్కనే పెడతామన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు ఇళ్లలో నిలిచిన పేటలో అది ఎంతమాత్రం తగదు. గట్టిగా అడిగితే పై అంతస్తుకు మార్చారు.

మన మే నెలలో వేడి పెరిగినకొద్దీ ఉత్పత్తి కూడా పెరుగుతుందని ఆశించవద్దు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల వద్ద లెక్కిస్తారు, ఆపైన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది. దుమ్ము పట్టినా అంతే. తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడే నీళ్లతో కడగాలి. ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఇన్వర్టర్ ఎక్కడ బిగిస్తారో, మరమ్మతుకు ఎన్ని రోజుల్లో వస్తారో కాగితం మీద రాయించుకోండి.