పైటెస్ట్: టెస్ట్ ఫెయిలైనప్పుడే తెలుస్తుంది దీని విలువ

పైథాన్‌లో టెస్టులు, అంటే మన కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు, రాయడానికి ఏ టూల్ వాడాలని ఎవరడిగినా నేను చెప్పేది పైటెస్టే. టెస్టులన్నీ పాసవుతున్నంతసేపూ ఏ టూలైనా ఒకటే. రిలీజ్ టెన్షన్‌లో ఒకటి ఫెయిలైతే, ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది అన్నది డీబగ్గర్ (కోడ్‌ను లైను లైనుగా నడిపి చూసే టూల్) తెరవకుండానే చెబుతుందా లేదా అన్నదే నేను చూస్తాను.

ఇందులో మామూలు అసర్ట్, అంటే ఇది నిజం కావాలి అని చెప్పే పైథాన్ లైను, రాస్తే చాలు. వెయ్యి రూపాయల బిల్లుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 1180 రావాలని రాశారనుకోండి, ఎవరో డిస్కౌంట్ కోడ్‌లో చెయ్యిపెట్టి అడగకుండానే 10 శాతం తగ్గిపోయేలా చేస్తే, పైటెస్ట్ ఉత్త ఎర్రర్ పేరు చెప్పి ఊరుకోదు, 1062 == 1180 అని రెండు విలువలూ పక్కపక్కన పెట్టి, ఆ 1062 ఏ ఫంక్షన్ ఇచ్చిందో కూడా చూపిస్తుంది. 1062 చూడగానే డిస్కౌంట్ గుర్తొస్తుంది, పని సగం అయిపోయినట్టే. టెస్ట్ ఫైల్‌ను లోడ్ చేసేటప్పుడే అసర్ట్‌లను లోపల తిరగరాసుకుంటుంది కాబట్టి ఇది సాధ్యమవుతోంది.

ఒకే టెస్ట్‌ను వేర్వేరు ఇన్‌పుట్‌లతో నడిపే పారామెట్రైజ్ కూడా నాకు చాలా ఇష్టం. 5 శాతం సరుకులు, 18 శాతం సరుకులు, పన్ను లేనివి, ఖాళీ కార్టు, వీటన్నిటినీ ఒకే టెస్ట్‌లో ఫర్ లూప్‌లో పెడితే మొదటిది పోగానే మిగతావి ఆగిపోతాయి. ఇక్కడ ఒక్కో ఇన్‌పుట్ ఒక్కో టెస్ట్ అవుతుంది, పన్ను లేనివి మాత్రమే పోయాయంటే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. సరిచేశాక లాస్ట్ ఫెయిల్డ్ ఆప్షన్‌తో పోయినవాటినే మళ్లీ నడపొచ్చు.

ఇబ్బంది పెట్టేది ఫిక్స్‌చర్లు, అంటే టెస్ట్‌కి కావలసినవి ముందే సిద్ధం చేసి ఇచ్చే ఫంక్షన్లు. టెస్ట్‌కి ఫిక్స్‌చర్ పేరు ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే చాలు, ఇంపోర్ట్ లేకుండానే ఎక్కడో పై ఫోల్డర్‌లోని కాన్ఫ్‌టెస్ట్ ఫైల్ నుంచి వచ్చేస్తుంది. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి అది ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాదు, పైగా అడక్కుండానే తన పరిధిలోని టెస్టులన్నిటికీ వర్తించేలా చేసే ఆటోయూజ్ పెడితే ఆ పేరు కూడా కనిపించదు. రన్ మొత్తానికీ ఒక్కసారే తయారయ్యే సెషన్ స్కోప్‌లో మారే డేటా పెట్టారంటే ఒక టెస్ట్ చేసిన మార్పు ఇంకో టెస్ట్‌ను పడగొడుతుంది, విడిగా రన్ చేస్తే పాస్, కలిపి చేస్తే ఫెయిల్. అలాంటి టెస్టుల్ని ఎవరూ నమ్మరు, ఇంకోసారి రన్ కొట్టి వదిలేస్తారు. డీఫాల్ట్‌గా వచ్చే, ఒక్కో టెస్ట్‌కీ కొత్తగా తయారయ్యే ఫంక్షన్ స్కోప్‌నే ఉంచుకోండి.

అన్నిటినీ మాక్ చేసి, అంటే అసలు కోడ్ బదులు నకిలీవి పెట్టి, ఫలానా ఫంక్షన్‌ను పిలిచారా లేదా అని మాత్రమే చూసే టెస్టులను ఏ టూలూ బాగుచేయలేదు, అవి కోడ్‌ను కాస్త సర్దినా పడిపోతాయి, లెక్క తప్పినా పాసవుతాయి.

పైటెస్ట్ ఉచితం, ఓపెన్ సోర్స్. పైథాన్‌తోనే వచ్చే యూనిట్‌టెస్ట్ టూల్‌తో రాసిన పాత ఫైళ్లను కూడా ఇదే నడుపుతుంది కాబట్టి ఉన్నవాటి జోలికి పోకుండా, కొత్తవి మాత్రం ఈ పద్ధతిలో రాసుకుంటూ పోవచ్చు.