20 లక్షల టూరింగ్ బండి: వెనక కూర్చునేవాళ్లని అడగండి

పెద్ద టూరింగ్ బళ్ల మీద వచ్చే రివ్యూల్లో చాలావరకు ఒక్కడే కూర్చుని నడిపి చెప్పేవే. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఒక గంట తిప్పి, సౌండ్ అదిరింది, పికప్ అదిరింది అని చెప్పి దిగిపోతారు. టూరింగ్ అంటే అది కాదు కదా. సామాన్లు కట్టుకుని, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, రోజంతా పోయి, సాయంత్రం దిగాక నడుము ఎలా ఉంది, మర్నాడు పొద్దున్నే మళ్లీ ఎక్కబుద్ధి అవుతుందా లేదా, అది చెప్పాలి. నేను రాసేది ఆ లెక్కలో.

నా సొంత బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. 452 సీసీ, 40 హార్స్‌పవర్, 196 కిలోల బరువు, అన్నీ కలిపి మూడు లక్షల చిల్లర బండి. మా బావ దగ్గర బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ ఉంది. 1254 సీసీ, 136 హార్స్‌పవర్, 249 కిలోలు, 2021లో బీఎస్6 మోడల్ వచ్చినప్పుడే ఎక్స్ షోరూమ్ 20 లక్షలు దాటింది. బావకి వ్యాపారం, తీరిక తక్కువ. "ఊరికే నిలబెడితే బ్యాటరీ దిగిపోతుందిరా, నువ్వే కాస్త తిప్పు" అని కీ నా చేతిలో పెట్టేస్తాడు. అందుకే రెండు బళ్ల మీదా అవే రోడ్లు, అదే మనిషి వెనక. హైదరాబాద్ నుంచి బెంగళూరు, శ్రీశైలం, మారేడుమిల్లి. రెండింటిని పోల్చడానికి ఇంతకన్నా మంచి అవకాశం మళ్లీ దొరకదు.

ముందు మా ఆవిడ మాట చెప్తా, ఎందుకంటే ఆవిడకి సీసీలూ టార్కులూ ఏమీ పట్టవు. హిమాలయన్ మీద నేను స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేక్ వేసినప్పుడల్లా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కిందికి కుంగుతుంది, ఆవిడ ముందుకి జారి ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కి టక్కున తగులుతుంది. ఊళ్ల మధ్యలోంచి పోయే రోడ్డయితే ఈ టక్ టక్ రోజంతా ఉంటుంది, సాయంత్రానికి ఇద్దరికీ చిరాకు వచ్చేస్తుంది. జీఎస్‌కి ముందు మామూలు ఫోర్కు పద్ధతి కాదు, టెలిలీవర్ అని వేరే ఏర్పాటు, బ్రేక్ బరువు ఫ్రేమ్ మీదికి పోతుంది కాబట్టి ముందు భాగం అంతగా కుంగదు. శ్రీశైలం ఘాట్‌లో డ్యామ్ వైపు దిగుతున్నప్పుడు, ఆ మలుపుల్లో ఒకదాని వెనక ఒకటి బ్రేకులు వేస్తున్నా ఆవిడ హెల్మెట్ నాకు తగలనే లేదు. దిగాక ఆవిడ అన్నది ఒకటే: "అన్నయ్యగారి బండి మీద పట్టుకుని కూర్చోవాలనే గుర్తు రాలేదు." నాకు తెలిసి ఈ బండి మీద వచ్చిన పెద్ద సర్టిఫికెట్ అదే.

మిగతావి కూడా ఇలాంటివే, ఒక్కొక్కటి చూస్తే చిన్నగా ఉంటాయి. సస్పెన్షన్ దానంతట అదే బరువు చూసుకుని సర్దుకుంటుంది. నా బండికయితే ఇద్దరం ఎక్కే ముందు స్పానర్ తీసి వెనక స్ప్రింగ్ బిగించాలి, నిజం చెప్పాలంటే బద్ధకమేసి ఎవరూ బిగించరు. జీఎస్‌కి కుడి చేతి దగ్గర ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది, నడుపుతూనే అది తిప్పితే గాలిని ఆపే ముందు అద్దం పైకి లేస్తుంది, ఛాతీ మీద గాలి దెబ్బ తగ్గుతుంది. గాలి దెబ్బ చిన్న విషయం అనుకుంటారు గానీ రోజంతా పోతే మెడ పట్టేసేది దానివల్లే. చైన్ లేదు, వెనక చక్రాన్ని తిప్పేది షాఫ్ట్ అనే కడ్డీ. అంటే రాత్రి లాడ్జి ముందు వంగి చైన్‌కి లూబ్ కొట్టే పని లేదు. వేడి గ్రిప్పులు మనకెందుకు అని నవ్వుకున్నా మొదట్లో, డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి వైపు ఎక్కుతుంటే వేళ్లకి వాటి విలువ తెలిసింది. నేను 20 లక్షలకి విలువ కడితే వీటన్నిటికే కడతా. ఇంజిన్‌కి కాదు.

ఇంజిన్ బాగుండదని కాదు. స్టార్ట్ చేసి, నిలబెట్టి కాస్త ఎక్సలేటర్ తిప్పితే బండి మొత్తం పక్కకి ఒకసారి ఊగుతుంది, రెండు సిలిండర్లు చెరో పక్కకి ఉండే బాక్సర్ ఇంజిన్ లక్షణం అది, భలే ముద్దుగా ఉంటుంది. ఓవర్‌టేక్ అంటే గేరు దించాల్సిన పని కూడా లేదు, చేయి తిప్పితే చాలు లారీ వెనక్కి పోయినట్టే. కానీ ఆ 136 హార్స్‌పవర్ ఎక్కడ వాడతారు చెప్పండి? 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద గానీ ఎక్స్‌ప్రెస్‌వే మీద గానీ మోటార్‌సైకిల్‌కి గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. అందులోనే పక్కన 6 లక్షల కారుకి నాలుగు లేన్ల మీద 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, 20 లక్షల బండికి మాత్రం 80. ఆ వేగంలో ఆరో గేర్లో ఇంజిన్ మూడు వేల ఆర్పీఎం దరిదాపుల్లో గుర్రుమంటూ ఉంటుంది, అంతే. పోనీ చట్టం సంగతి వదిలేయండి, కర్నూలు దాటాక ఎన్‌హెచ్ 44 మీద వేగాన్ని దానంతట అదే నిలిపే క్రూయిజ్ కంట్రోల్ పెట్టి హాయిగా పోదామనుకుంటే, కుడి లేన్లో లారీ, ఎడమ లేన్లో రాంగ్ రూట్లో ఎదురొచ్చే టీవీఎస్ ఎక్సెల్, మధ్యలో డివైడర్ సందులోంచి గేదెలు. క్రూయిజ్ పెట్టడం, బ్రేక్ తొక్కడం, మళ్లీ పెట్టడం. కాసేపటికి విసుగొచ్చి ఆపేశా.

ఇంకా పెద్ద జోకు ఏంటంటే, ఇంత బండి వేసుకుని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కలేం. టూ వీలర్లకి అనుమతి లేదు, కింద సర్వీస్ రోడ్డులో పోవాలి. బెంగళూరు మైసూరు హైవే మీద 2023 ఆగస్టు నుంచి మెయిన్ రోడ్డు బంద్. ముంబై పుణె ఎక్స్‌ప్రెస్‌వే అయితే ఎప్పట్నుంచో బంద్. నా హిమాలయన్‌కీ ఇదే రూలు, స్కూటీకీ ఇదే రూలు. ఒక మంచి మాట ఏంటంటే నేషనల్ హైవే టోల్ గేట్లలో బైకులకి టోల్ లేదు, పక్క సందులోంచి జారుకోవచ్చు, కాకపోతే జీఎస్‌కి రెండు వైపులా పెట్టెలు తగిలిస్తే కొన్ని చోట్ల ఆ సందు కూడా పట్టదు. ఇదే బాధ అమీర్‌పేట ట్రాఫిక్‌లో. సిలిండర్లు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఆటోకీ డివైడర్‌కీ మధ్య దూరే ఆశ వదులుకోవాలి. సిటీలో తిప్పడానికయితే ఈ బండి జోలికి పోకండి, నా మాట విని ఇంట్లో ఒక యాక్టివా ఉంచుకోండి.

ఇక డబ్బు సంగతి. ఈ ధరలో కంపెనీకి పోయేది ఎంత, సర్కారుకి పోయేది ఎంత అన్నది చూస్తే కడుపు మండుతుంది. ఇలాంటి బళ్లు చాలావరకు బయట తయారై పూర్తి బండిగానే దిగుతాయి. 2025 బడ్జెట్‌లో దిగుమతి సుంకం తగ్గించారు, నిజమే, 1600 సీసీ లోపు వాటికి 50 నుంచి 40 శాతానికి, అది దాటినవాటికి 30 శాతానికి. సంతోషించేలోపే అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన ప్రతి బండికీ జీఎస్టీ 40 శాతం చేశారు, అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. అంటే 100 రూపాయల బండి మీద 40 సుంకం, ఆ 140 మీద మళ్లీ 40 శాతం, లెక్క 196కి తేలింది. ఇందులో డీలర్ లాభం లేదు, లైఫ్ ట్యాక్స్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. కాబట్టి "ఇంత ధరకి తగ్గ బండేనా" అని అడిగితే, అవన్నీ కలిపితే సగానికి పైగా బండి కానిదానికే కడుతున్నారు, ఆ సగానికి విలువ ఎక్కడ వెతకాలి? కొన్నాక టైర్ల జతకే పదుల వేలు, సర్వీస్‌కి పెద్ద నగరానికే పోవాలి, పెట్రోల్ లీటరుకి ఇరవై కిలోమీటర్లకి అటూ ఇటూ. (ధాబా దగ్గర ఆపితే మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే, "మైలేజ్ ఎంత అన్నా?" నేను చెప్పగానే వాళ్ల మొహంలో జాలి చూడాలి.)

రిపేర్ల భయం మాత్రం నేను అనుకున్నంత లేదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు పోయే అడవి రోడ్డులో వెనక టైరుకి మేకు దిగింది. ఫోన్ సిగ్నల్ లేదు, పైన మబ్బు. జీఎస్‌వి ఊచల చక్రాలే అయినా ట్యూబ్‌లెస్, మేకు లాగి, జిగురు పట్టించిన పట్టీ గుచ్చి, చిన్న ఎలక్ట్రిక్ పంపుతో గాలి కొట్టుకుని కదిలిపోయాం. మొదట్లో వచ్చిన హిమాలయన్ 450లకి ట్యూబు టైర్లు, నాదీ అదే, ఆ పరిస్థితుల్లో అయితే చక్రం విప్పి ట్యూబు లాగాల్సి వచ్చేది. కాకపోతే తర్వాత ఎన్‌ఫీల్డ్ వాళ్లే ట్యూబ్‌లెస్ చక్రాలు ఆప్షన్‌గా ఇచ్చారు కాబట్టి, ఇప్పుడు ఇది 20 లక్షల గొప్ప ఏమీ కాదు. మర్నాడు ఒక పంక్చర్ షాపు కుర్రాడికి పని సరిగ్గా చేయమని చూపిస్తే, చక్రం ఒక పక్కనున్న రాడ్డు మీదే ఆగి ఉండటం చూసి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, "అన్నా, ఇంకో పక్క రాడ్డు ఎవరైనా ఎత్తుకుపోయారా" అన్నాడు. కారు చక్రంలాగా బోల్టులు విప్పితే వచ్చేస్తుందని చెప్తే గానీ నమ్మలేదు. ఆ ట్రిప్పులో బొంగు చికెన్ మాత్రం ఉప్పు ఎక్కువైంది, అది వేరే కథ.

ఇంతకన్నా పైమెట్టు గోల్డ్ వింగ్. హోండా 1975 నుంచి చేస్తోంది, ఇప్పటిది 1833 సీసీ, ఆరు సిలిండర్లు, 390 కిలోల బండి, రివర్స్ గేరు, టూర్ మోడల్‌కి ఎయిర్‌బ్యాగ్ కూడా. మన దగ్గర 2025లో దాదాపు 40 లక్షలు ఉండేది. డల్లాస్‌లో మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర ఉంది, అక్కడికి వెళ్లినప్పుడు ఓక్లహోమా కొండల్లో టలిమీనా రోడ్డు దాకా వెనక కూర్చుని పోయా. చేతులు పెట్టుకోడానికి ఆనుడు, వీపుకి ఆనుడు, పాటలు, అన్నయ్య హెల్మెట్ మైకులో ఊరి కబుర్లు. నాకు మధ్యలో కునుకు పట్టింది, అబద్ధం కాదు. అక్కడ కొత్త టూర్ మోడల్ ధర 2024లో 28, 29 వేల డాలర్ల నుంచి మొదలయ్యేది, రోడ్డు అద్దంలా ఉంటుంది, ఇంటర్‌స్టేట్ మీద కార్లతో సమానంగా పోనిస్తారు. అక్కడ ఉండే మనవాళ్లు ఇద్దరుగా తిరిగే అలవాటుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, వాడినవి ఇంకా తక్కువకి వస్తాయి. ఇక్కడ మాత్రం వద్దు. దాని పొట్టకీ నేలకీ మధ్య 130 మిల్లీమీటర్లే. మా కాలనీలో జనం సొంతంగా సిమెంటు పోసి కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి, అవి దాటేటప్పుడు స్విఫ్ట్ డిజైరే కింద గీసుకుంటుంది.

మరి ఎవరు కొనాలి అంటే, నా లెక్క ఇది. ఒక్కరే తిరుగుతారా, హిమాలయన్ చాలు, మిగిలిన డబ్బుతో లడఖ్ ఎన్నిసార్లయినా పోయి రండి. ఇద్దరుగా తిరుగుతారా, ఈఎంఐ టెన్షన్ వద్దా, మధ్యలో కవాసాకి వెర్సిస్ 650 ఉంది, సుజుకి వీ స్ట్రోమ్ 800డీఈ ఉంది (2024లో వచ్చినప్పుడు 10.30 లక్షలు), హైవే మీద వీటి మీద కూడా వెనక మనిషి ఒళ్లు హూనం కాదు. జీఎస్ ఇచ్చే సుఖంలో ఎక్కువ భాగం వీటిలో దొరికేస్తుంది, హెల్మెట్ తగలకపోవడం తప్ప. కొత్త జీఎస్, అంటే 2024లో 20.95 లక్షలకి వచ్చిన ఆర్ 1300 జీఎస్, దానికి నేను డబ్బు పెట్టను. లోన్ తీసి అయితే అసలు వద్దు.

కానీ వాడిన ఆర్ 1250 జీఎస్ అయితే కొంటా, ఆ మాట బావతో కూడా అన్నా. ఇలాంటి బళ్లు కొన్నవాళ్లలో చాలామంది నెలకోసారి కాఫీ తాగడానికి పోయి వచ్చి, రెండేళ్లకి మోజు తీరి అమ్మేస్తారు, ట్యాక్సులన్నీ వాళ్లే కట్టేసి ఉంటారు. చూసేటప్పుడు కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని పొంగిపోకండి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల తయారీ తేదీ చూడండి, తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. సర్వీస్ కాగితాలు వరసగా ఉన్నాయో లేదో చూడండి, సిలిండర్ కవర్ల అంచులు వంగి చూడండి, బండి ఎప్పుడైనా పడి ఉంటే మొదట నేలకి తగిలేది అవే. వేరే రాష్ట్రం నంబరైతే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ పడుతుంది, బేరం ఆడే ముందే ఆ అంకె తెలుసుకోండి. టెస్ట్ రైడ్‌కి మాత్రం ఒక్కరే పోవద్దు, ఇంట్లో వాళ్లని వెనక కూర్చోబెట్టుకుని, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ ఉన్న రోడ్డు చూసుకుని పోండి.