పాత గాలాలు, ఇత్తడి చెంచాలు: వరంగల్ వైపు సెకండ్ హ్యాండ్ వేట

పెట్టెలతో సహా భద్రంగా ఉన్న పాత విదేశీ లూర్లు, అంటే చేపను మభ్యపెట్టి గాలానికి పట్టే కృత్రిమ ఎరలు, దొరుకుతాయని ఆశపడి వరంగల్ వెళ్లకండి. దొరకవు. హైదరాబాద్‌లో పాత సామాను సంత జుమ్మెరాత్ బజార్లోనే అవి ఎప్పుడో ఒకసారి కంటపడితే గొప్ప. కానీ పాత ఇత్తడి, పాత చెక్క, తెగిన చెప్పులు తెచ్చి గాలానికి సొంతంగా ఎరలు తయారుచేసుకునే పిచ్చి ఉన్నవాళ్లకు ఈ దారంతా పండగే. నాకు ఆ పిచ్చి ఉంది. మా ఆవిడకు పాత ఇత్తడి పాత్రల పిచ్చి. ఒకే దుకాణంలో గంటసేపు నిలబడి కూడా ఇద్దరం కొట్లాడుకోకపోవడం ఈ ప్రయాణంలోనే చూశాను.

ఉప్పల్‌లో హనుమకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి జనగామలో దిగాం. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆవిడకు జీరో టికెట్, నాకు మాత్రం చార్జి. జనగామ నుంచి ఆటోలో కొంచెం వెనక్కి వస్తే పెంబర్తి. చాలామంది కారాపి, రోడ్డు మీది షోరూముల్లో దీపాలు, మెమెంటోలు కొనుక్కుని వెళ్లిపోతారు. నా సలహా ఏమిటంటే, పని జరిగే చోటు ఎక్కడో అడిగి లోపలికి వెళ్లండి. పెంబర్తికి పేరు తెచ్చింది పోత పని కాదు, రేకు పని. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో సుత్తితో కొట్టి బొమ్మ లేపుతారు. 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన పని ఇదే. రేకు పని కాబట్టి అంచులు కత్తిరించిన ముక్కలు మిగులుతాయి. నాకు కావలసింది ఆ ముక్కలే.

"తుక్కు ఏం జేసుకుంటరు సార్?" అని నవ్వాడు పనిచేస్తున్న పెద్దాయన. చేపల గాలానికి అని చెప్పి, నా దగ్గరున్న, చెంచా గుంట ఆకారంలో ఉండే ఒక పాత స్పూన్ లూర్ చూపించాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, మారుమాట లేకుండా ఒక ముక్కను ఆకు ఆకారంలో కత్తిరించాడు. చెక్క దిమ్మెలో చిన్న గుంట ఉంది. ముక్కను దాని మీద పెట్టి గుండ్రటి మొన ఉన్న సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోయాడు. రెండు నిమిషాల్లో చెంచా గుంట తేలింది. దాని ఒళ్లంతా చిన్న చిన్న నొక్కులు. కంపెనీ లూర్ల మీద కావాలని వేయించే డిజైన్ అది, ఎందుకంటే నీళ్లలో కదిలినప్పుడు ఒక్కో నొక్కు ఒక్కో వైపు వెలుగు కొడుతుంది. చిన్న చేప పొట్ట తళుక్కుమన్నట్టే ఉంటుంది. తుక్కుకు తూకం ధరే తీసుకున్నాడు, కొట్టిన దానికి డబ్బులిస్తే వద్దన్నాడు. మా ఆవిడ ఊరుకోలేక ఒక దీపపు కుందె కొంది, లెక్క సరిపోయింది.

అసలు స్పూన్ లూర్ పుట్టుకే వంటింటి చెంచాతో ముడిపడి ఉంది. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన పడవలో తింటుంటే చెంచా నీళ్లలో జారిందని, మునిగిపోతున్న దాన్ని పెద్ద చేప మింగిందని చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ ఆయన 1852లో దానికి పేటెంట్ తీసుకున్నది మాత్రం వాస్తవం. ఫిన్లండ్‌లో లారీ రపాలా 1936లో తన మొదటి లూర్‌ను బెండు చెక్కి, పైన చాక్లెట్ చుట్టే రేకు కాగితం అంటించి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూతగా వేసి తయారుచేశాడు. పారేసే వస్తువులతోనే అంత పెద్ద కంపెనీ మొదలైంది. కాబట్టి మనం సందుల్లో తుక్కు ఏరుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

వరంగల్‌లో మండిబజార్, దాని చుట్టుపక్కల సందులు ఓపిగ్గా తిరగాలి. పాత సామాను దుకాణాల్లో "లూర్ ఉందా" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. ఫోన్లో ఫొటో చూపించి, "చేపల గాలం సామాను, పాతది" అంటే లోపలి నుంచి ఏదో ఒక డబ్బా వస్తుంది. ఒక దుకాణంలో తుప్పు పట్టిన డాల్డా డబ్బా మా ముందు బోర్లించారు. తాళాలు, తాళంచెవులు, సైకిల్ బెల్లు మూత, రీలు హ్యాండిల్ ఒకటి, ఒకదాన్నొకటి కరుచుకుపోయిన మూడు ముళ్ల గాలాల గుత్తి. ఆ గుత్తిలో వేలెడు పొడవు చెక్క చేప ఒకటి చిక్కుకుని ఉంది.

దాన్ని విడదీయడానికే అరగంట పట్టింది. వీపు మీద ఆకుపచ్చ రంగు సన్నగా పగుళ్లిచ్చింది, పొట్ట తెలుపు పసుపుకు తిరిగింది. ఒక కన్ను ఊడింది, రెండోది గాజుది. సాధారణంగా గాజు కళ్లున్న చెక్క లూర్లు పాతవి. ఆ తర్వాత రంగుతో దిద్దిన కళ్లు వచ్చాయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ ఒళ్లే మార్కెట్‌ను కమ్మేశాయి. కంపెనీ పేరు ఎక్కడైనా మిగిలిందా అని లెన్సుతో వెతికాం, లేదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వేసిన సామాను అని దుకాణం ఆయన చెప్పాడు. పాత సామానుకు ఎప్పుడూ ఒక మంచి కథ తోడుంటుంది. ఆ కథకు ధర కట్టకుండా వస్తువుకే కట్టాలి. రూ. 400 చెప్పాడు, డబ్బా మొత్తం రూ. 350కి ఇచ్చాడు.

అక్కడే ఒక మూల గోనెసంచిలో నూలు చుట్టే చెక్క కండెలు కనిపించాయి. 1934లో మొదలై తర్వాత మూతబడ్డ ఆజంజాహి మిల్లు సరుకని చెప్పారు. ఏ మిల్లువైనా సరే, గాలపు దారం చుట్టడానికి వాటిని మించినవి లేవు. నున్నగా అరిగిన చెక్క కాబట్టి దారం ఎక్కడా గీరుకోదు. కొత్తవాడ దర్రీలు నేసే వీధుల్లోనూ అడిగి చూడొచ్చు.

ఒక మాట జాగ్రత్త. ఇంకో చోట మమ్మల్ని పక్కకు పిలిచి గుడ్డలో చుట్టిన చిన్న రాతి బొమ్మ చూపించారు, "కాకతీయుల నాటిది" అని. నకిలీ అయితే డబ్బు దండగ, అసలైతే జైలు బెంగ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. నమస్కారం పెట్టి బయటపడ్డాం.

బస సంగతి. స్టేషన్ దగ్గర చవగ్గా ఉందని తీసుకున్న లాడ్జిలో నీళ్లు సన్నటి ధార, గదిలో ఫ్యాను చప్పుడే ఎక్కువ. పైగా తుప్పు సామాను చూసి రిసెప్షన్ కుర్రాడు మమ్మల్ని అనుమానంగా చూశాడు. మర్నాడు హనుమకొండకు మారాం. నక్కలగుట్ట వైపు టూరిజం వాళ్ల హరిత కాకతీయతో పాటు మధ్యతరగతికి అందే హోటళ్లు చాలా ఉన్నాయి, బస్టాండ్ కూడా దగ్గర. మేం దిగిన చోట పాత బకెట్ ఒకటి అడిగితే ఏమీ అనకుండా ఇచ్చారు. నా లెక్కలో ఐదు నక్షత్రాలూ ఆ బకెట్‌కే.

బకెట్ ఎందుకంటే కడుగుడు పని అక్కడే మొదలుపెట్టాం. ఇత్తడికి చింతపండు పులుసు, కొంచెం ఉప్పు. మన అమ్మమ్మలు బిందెలు తోమిన పద్ధతే స్పూన్లకూ సరిపోతుంది. ఎక్కువసేపు నానబెట్టొద్దు, కడిగాక వెంటనే తుడిచి ఆరబెట్టాలి. చెక్క లూర్‌ను మాత్రం నీళ్లలో ముంచకూడదు, ఉబ్బి ఉన్న రంగూ రాలిపోతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, పిండేసిన తడిగుడ్డతో ఒత్తితే చాలు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి గరుకు కాగితంతో రుద్దడం మంచిది కాదు. గాలానికి కట్టే సీసం గుండ్లు పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా తిండి ముట్టొద్దు. ఇంకొకటి, రబ్బరులా సాగే మెత్తటి ప్లాస్టిక్ పురుగులు ఆ డబ్బాలో ఉంటే వెంటనే వేరు చేయండి. గట్టి ప్లాస్టిక్ లూర్లకు తగిలి ఉంటే రంగునీ ఒంటినీ కరిగించేస్తాయి. తుప్పు ముళ్లను బతికించాలని చూడకండి. కట్టర్‌తో కోసి, రింగు వేసి కొత్తవి తగిలించుకోవడమే. చెక్క చేపకు మాత్రం ముళ్లు పీకేసి అలాగే ఉంచాను. దానికి కొత్త రంగు వేస్తే విలువ పోతుంది, నీళ్లలో వేస్తే అదే పోతుంది.

చెరువుల విషయానికొస్తే, నర్సంపేట దాటాక పాకాల చూడటానికి అద్భుతం. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అడవి. కానీ అది అభయారణ్యం, అక్కడ గాలం ఊసెత్తొద్దు. లక్నవరంలో వేలాడే వంతెన, దీవి మీద కాటేజీలు బాగుంటాయి. ఆదివారం వెళ్తే బోట్ల హోరు, సెల్ఫీల తోపులాట. వారం మధ్యలో అయితేనే బస చేయాలి. మేం రామప్ప గుడి చూసుకుని, ములుగు వైపు ఒక ఊరి చెరువు దగ్గర ఆగాం. ఇక్కడి చెరువుల్లో చేప మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. అడగకుండా గాలం వేయడం తప్పు. అడిగితే చాలా చోట్ల కాదనరు, కానీ చేప పడితే వాళ్లకే ఇచ్చేయడం మర్యాద.

అక్కడ వల సవరిస్తున్న ఒకాయన నా పెంబర్తి స్పూన్ తీసుకుని, ఒకసారి విసిరి, రెండోసారి విసిరి, తిరిగి చేతిలో పెట్టాడు.

"గిది పల్చగుంది సారూ. ఇసిరితే గాలికి వాపస్ వస్తున్నది. ఇంకింత మందంది కొట్టించుకరాండ్రి."

నూటికి నూరుపాళ్లు నిజం. పల్చటి స్పూన్ లోతు లేని నీళ్లలో నింపాదిగా ఊగుతుంది, మందంగా ఉన్నది దూరం పోతుంది, లోతుకు దిగుతుంది. వాలుగ లాంటి చేపకు స్పూన్ పనికొస్తుందని, కొర్రమట్టకు మాత్రం నీటి మీద ఎగిరే కప్పే కావాలని చెప్పాడు. కొర్రమట్ట గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చే చేప, గడ్డి మధ్యనే కాపు కాస్తుంది. ఆయన వలకు బెండ్లుగా కట్టినవన్నీ తెగిపోయిన హవాయి చెప్పుల ముక్కలు. వాటిలోంచి ఒకటి తీసి, కత్తితో కప్ప ఆకారానికి చెక్కి, కింద రెండు ముళ్ల గాలం మొనలు పైకి ఉండేలా దూర్చాడు. అలా ఉంటే గడ్డికి చిక్కుకోదు. వెనక కాళ్లకు గోనెసంచి పీచు. దుకాణంలో రబ్బరు కప్ప లూర్‌కు వందలు పోస్తాం. దీని ఖర్చు గాలపు ముల్లు ఒక్కటే. నా దగ్గరున్న కొత్త ముళ్లు, స్వివెల్‌లు ఆయనకిచ్చాను. స్పూన్ నీళ్లలో గిరగిరా తిరిగి దారం మెలిపడకుండా ఆపేది స్వివెలే, ఆ ఊళ్లలో దొరకదట.

హనుమకొండకు తిరిగొచ్చాక మా ఆవిడ అక్కడ ఒక ఇత్తడి గంగాళం బేరమాడి పెట్టింది. కళాయి పోయింది గానీ ఎక్కడా చిల్లి లేదు. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని రావడం కుదరదు కాబట్టి ఆర్టీసీ కార్గోలో వేశాం. గోనెసంచిలో కట్టి, లోపల నా కండెలు, తుక్కు ముక్కలు కూడా సర్దేశాను. మర్నాడే సొట్ట పడకుండా చేరింది. ముళ్లున్న డబ్బా మాత్రం కార్గోలో వేయకుండా చేతి సంచిలోనే, గట్టి మూత పెట్టి తెచ్చుకున్నాం. మూట దించేవాళ్ల చేతులకు గుచ్చుకోకూడదు కదా. పెంబర్తి పెద్దాయనకు ఫోన్ చేసి మందం రేకు ముక్కలు పక్కన పెట్టమన్నాను. "ఎంత గేజి?" అని అడిగాడు. చేపలాయన్ని అడిగి చెప్పాలి.